ఒకే క్రిమి, వేర్వేరు తెగలు: చేపల రైతు తెలిసికొనవలసిన సంగతి

హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ఇండ్లలో వండుకొను బొచ్చె, రాగండి చేపలు ఎన్నో కైకలూరు, ఆకివీడు, భీమవరము ప్రాంతపు చెరువులనుండి మంచులో వచ్చునవే. దాపుననున్న రాంనగర్ చేపల మార్కెట్టులో కొనువారు పొట్టపై ఎర్రమచ్చలుగల చేపను తిప్పిచూచి ప్రక్కకు నెట్టుదురు. ఆ మచ్చవలన చెరువుగట్టున రైతు ఎంత నష్టపోయినాడో వారికి తెలియదు.

ఈ ఎర్రమచ్చ జబ్బునకు తరచు కారణమగునది ఏరోమోనాస్ హైడ్రోఫిలా అను బాక్టీరియా. ఇది మంచినీటి చెరువులలో సామాన్యముగా ఉండునదే. అట్లయిన నా చెరువులో చేపలు చచ్చుచుండగా ప్రక్క చెరువులో ఏల చావవు అని మీరడుగవచ్చును. నీటిలో ప్రాణవాయువు తగ్గుట, చేపలు క్రిక్కిరిసియుండుట ఒక కారణము. క్రిమి తెగ రెండవది. వరి అంతయు వరియే అయినను సాంబమసూరికిని, ఎం.టి.యు. 1010కిని గింజలోను, పంటకాలములోను భేదమున్నది గదా! బాక్టీరియాలోను అంతే. కొన్ని తెగలు ఏరోలైసిన్ అను విషమును పుట్టించి చేప కణముల పొరలకు రంధ్రములు చేయును. కొన్నిటికి ఆ శక్తి లేదు.

మనుష్యుల రోగములలోను ఇదే తీరు. త్రాగునీటిని పరీక్షించు సంస్థ యొకటి నారాయణగూడలోనే ఉన్నది; అదే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. నీటివలన వచ్చు కలరా సంగతి చూడుడు. ఆ క్రిమిలో 200కు పైగా తెగలున్నను మహమ్మారిగా చెలరేగినవి ఓ1, ఓ139 అను రెండే. రెండవది 1992లో మద్రాసులో బయటపడినది. పాత కలరాను తట్టుకొన్నవారికి సయితము దానినుండి రక్షణ లేకపోయెను.

చేపలలో ఇట్టిదే 2009లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున జరిగినది. అక్కడి క్యాట్‌ఫిష్ చెరువులకు ఏరోమోనాస్ క్రొత్త కాదు. అయినను ఆ ఏడు అమ్మకమునకు సిద్ధమైన చేపలు కుప్పలుగా చచ్చినవి. జన్యువులను పోల్చిచూడగా ఆ తెగ చైనాలో కార్పు చేపలకు రోగము తెచ్చిన తెగకు దగ్గరి చుట్టమని తేలినది. దానికి ఇనాసిటాల్ అను పదార్థమును ఆహారముగా వాడుకొను శక్తి కలదు. ప్రయోగశాలలో దానినిబట్టియే గుర్తింతురు.

కనుక ప్రక్కరైతు చల్లిన మందే మనకును పనిచేయునని నమ్మరాదు. ఒక తెగను చంపు మందును మరియొక తెగ లక్ష్యపెట్టకపోవచ్చును. అంగడివాని మాటపై మందు మార్చి మార్చి వాడుట డబ్బు దండుగయే కాదు, మందుకు లొంగని తెగలను మనమే పెంచుట. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులు చేపల పెంపకమున నిషిద్ధములు.

మందు వేయకముందే, జబ్బుపడి ఇంకను ప్రాణముతో నున్న నాలుగైదు చేపలను చెరువునీటితో ప్రాణవాయువు నింపిన సంచిలో మత్స్యశాఖ అధికారికి చేర్చుడు. కుళ్లిన చేప పనికిరాదు. దానిలో చచ్చిన తరువాత చేరిన క్రిములే పెరుగును. పరీక్షలో చేప మూత్రపిండమునుండి క్రిమిని పెంచి, ఏ మందుకు లొంగునో చూతురు. దీనికి కొన్ని దినములు పట్టును. ఈలోగా మేత తగ్గించి, ఏరేటర్లు త్రిప్పుడు. ఒక చెరువు వలను ఎండలో ఆరవేయకుండ మరొక చెరువులో దింపరాదు. చచ్చిన చేపలను కాలువలో వేయక సున్నము చల్లి పూడ్చవలెను. గ్రామాధికారులు ఈ ఒక్కటి గట్టిగా పట్టించుకొనవలెను, ఏలయన ఆ కాలువనీరే దిగువ చెరువులకు పోవును.