నార్పోలి కిరాయి గదుల్లో చల్లదనం ఖర్చు

కిరాయి గదిలో చల్లదనం ఖర్చు లైట్ బిల్లు కంటే ముందు పైకప్పు దగ్గరే మొదలవుతుంది. నార్పోలిలోనూ మహారాష్ట్రలోని భివండీలో ఇతర మరమగ్గాల పేటల్లోనూ కార్మికుల ఖోలీల్లో (కిరాయి గదుల్లో) చాలావాటికి రేకులే కప్పు. మగ్గాలు పన్నెండు గంటల షిఫ్టుల్లో నడుస్తాయి కాబట్టి, రాత్రి షిఫ్టు దిగినవారు సరిగ్గా రేకు కాలే వేళకే నిద్రపోవాలి. వాళ్లు లేచి వెళ్లాక అదే గదిలో పగటి షిఫ్టు వారు పడుకుంటారు. ఫ్యానుకు తీరిక ఉండదు.

మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. రోజంతా తిరిగితే నెలకు 54 యూనిట్లు. 180 వాట్ల కూలర్ రోజుకు పది గంటలు నడిచినా మరో 54. మహారాష్ట్రలో ఇంటి కరెంటుకు 100 యూనిట్ల దాకా చౌక ధర. ఆ పైన 300, 500 దగ్గర ధర మళ్లీ పెరుగుతుంది. అంటే ఫ్యాను, కూలర్ కలిసి ఒక్క దీపం కూడా వెలగకముందే మొదటి మెట్టు దాటిస్తాయి. పైగా, తెలంగాణలోని సిరిసిల్ల పొడి ఎండలో బాగా పనిచేసే కూలర్, సముద్రానికి దగ్గరగా తేమతో నిండిన భివండీ గాలిలో అంత చల్లదనం ఇవ్వదు. కిటికీ లేని గదిలో ఉక్కను పెంచుతుంది. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను ధర ఎక్కువే గానీ, రోజంతా తిరిగినా నెలకు 22 యూనిట్లు దాటదు. గది మారినప్పుడు విప్పుకుని పోవచ్చు కూడా. రేకుకు వేయించిన సున్నాన్ని అలా తీసుకుపోలేరు. కిరాయిదారు కప్పు మీద ఖర్చు పెట్టకపోవడానికి కారణం ఇదే. బిల్లు తనది కాదు కాబట్టి యజమానీ పెట్టడు.

అసలు చిక్కు మీటరు దగ్గర వస్తుంది. ఐదు గదులు ఒక్కొక్కటి 80 యూనిట్లు వాడాయనుకుందాం. ఎవరి మీటరు వారికుంటే అందరూ చౌక ధరలోనే ఉంటారు. యజమాని పేర ఒకటే మీటరు ఉంటే మొత్తం 400 యూనిట్లు అవుతుంది. అందులో 300 యూనిట్లకు పై మెట్ల ధర పడుతుంది. ఇంటి కరెంటు మీద 16 శాతం విద్యుత్ సుంకం కూడా ఆ పెరిగిన మొత్తం మీదే లెక్క. సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని వసూలు చేసే చోట ఈ భారం గదుల వారికే చేరుతుంది. దానిపై లాభం వేసుకుంటే అది కరెంటు అమ్మకం కిందికి వస్తుంది. 2003 విద్యుత్ చట్టం ప్రకారం దానికి లైసెన్సు ఉండాలి.

అదే చట్టం 43వ సెక్షన్ ప్రకారం సొంతదారే కాక, గదిలో ఉంటున్నవారు కూడా కనెక్షన్ అడగవచ్చు. యజమాని ఒప్పుకోలు పత్రం ఇవ్వలేదన్న కారణంతో కిరాయిదారుకు కరెంటు నిరాకరించరాదని మహారాష్ట్ర నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. భివండీలో ఆ దరఖాస్తు అందేది 2007 జనవరి నుంచి రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ మహావితరణ్‌కు ఫ్రాంచైజీగా పంపిణీ చూస్తున్న టోరెంట్ పవర్‌కు.

1999 నాటి మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం కరెంటును అత్యవసర సదుపాయాల్లో చేర్చింది. తగిన కారణం లేకుండా యజమాని దాన్ని ఆపరాదు. గదిని మరమ్మతులో ఉంచడం కూడా అతని బాధ్యతే. పగిలిన రేకు మార్చడం మరమ్మతు. బాగున్న రేకుకు తెల్లరంగు వేయడాన్ని అలా అనడం కష్టం. చల్లదనం కల్పించాలన్న మాట ఆ చట్టంలో లేదు.

ఆ మాట అమెరికాలోని ఫీనిక్స్ నగర నియమాల్లో ఉంది. అక్కడ అద్దె ఇంట్లో ఏసీ ఉంటే 82 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 28 సెల్సియస్), కూలర్ ఉంటే 86 డిగ్రీలు మించకుండా చల్లబరిచే ఏర్పాటు యజమాని చూడాలి. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం కప్పు వైపు నుంచి వచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలతో పాటు 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు వేడిని తిప్పికొట్టే కప్పు తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లకు అది ఐచ్ఛికం, రేకుల గదులు ఆ చిన్న ఇళ్లలోనివే.

ఈ రెండు నియమాలూ నార్పోలికి వర్తించవు. కాబట్టి అక్కడ కప్పు రంగు, సబ్ మీటరు ధర, కూలర్ పెట్టుకునే వీలు అన్నీ ఒప్పందం మీదే ఆధారపడతాయి. ఒప్పందం రాయించి రిజిస్టరు చేయించే బాధ్యతను కిరాయి నియంత్రణ చట్టం యజమాని మీదే పెట్టింది. అది చేయకపోతే, షరతుల గురించి కిరాయిదారు చెప్పిందే, వేరే రుజువు వచ్చేదాకా, చెల్లుతుంది.