బిగుసుకున్న మిషన్‌ను పాత ఇనుముకు వేయకండి

బతుకమ్మ దగ్గర పడిందంటే సిద్దిపేటలో ఏ టైలరూ పండుగలోపు జాకెట్ ఇస్తాననడు. అప్పుడు గుర్తొస్తుంది ఇంటి మూలనున్న నల్ల కుట్టు మిషన్. గుడ్డ తీసి చూస్తే చక్రం తిరగదు. "ఇగ పోయింది, పాత సామాన్లాయనకు ఇచ్చెయ్" అంటారు. ఆ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

"బిగుసుకుపోతే ఇక పనికిరాదు"

పోత ఇనుముతో చేసిన ఒళ్లు అంత తేలిగ్గా పాడవదు. చాలాసార్లు చక్రాన్ని పట్టేసేది షటిల్‌లో ఇరుక్కున్న దారం ముక్కో, లోపల ఎండి జిగురైన పాత నూనో. మా అమ్మమ్మ మిషన్ అటక దిగినప్పుడు చక్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. మిషన్ తల వెనక్కి వాల్చి, నూనె రంధ్రాల్లోనూ ఇనుము ఇనుమును రాసుకునే ప్రతి చోటా చుక్క చుక్క కిరోసిన్ వేసి రాత్రంతా వదిలేశాం. తెల్లారి బలవంతం చేయకుండా చక్రాన్ని అటూ ఇటూ ఊపుతుంటే తేనె రంగు జిడ్డు కారింది. మూడో రోజు సూది దిగింది. అమ్మమ్మ ఏమీ అనలేదు, చక్రం మీద చెయ్యి వేసి అలాగే నిల్చుంది.

కిరోసిన్ జిడ్డు కడగడానికే. పొయ్యికి దూరంగా పెట్టుకుని వాడాలి, పని అయ్యాక తుడిచేసి మిషన్ ఆయిల్ వేయాలి. మిషన్ ఒంటి మీది బంగారు రంగు పువ్వులకు మాత్రం స్పిరిట్ తగలనివ్వద్దు, పైపూత లేచిపోతుంది.

"ఏ నూనైనా నూనే"

కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. చలికాలం పొద్దున సీసాలో ఎలా గడ్డకడుతుందో మిషన్ లోపలా అంతే. వంటనూనెలైతే గాలి తగిలి కొన్నాళ్లకు బంకలా మారతాయి. పల్చటి, రంగులేని మిషన్ ఆయిల్ చిన్న సీసా కొంటే ఏళ్ల తరబడి వస్తుంది.

"కింద దారం చిక్కుపడితే బాబిన్‌దే తప్పు"

చాలామంది వెంటనే బాబిన్ కేస్ స్క్రూ తిప్పేస్తారు. ఎక్కువసార్లు తప్పు పైదారానిది. ఫుట్ దించి దారం ఎక్కిస్తే అది టెన్షన్ ప్లేట్ల మధ్యకు దిగదు, వదులై కింద ఉండ కడుతుంది. ఫుట్ పైకెత్తి మళ్లీ ఎక్కించండి. తర్వాతే స్క్రూ సంగతి, అదీ పావు తిప్పుకు మించకుండా.

"పాత సింగర్‌లో ఎర్ర పాదరసం ఉంటుంది"

2009లో సౌదీలో, అదేదో విలువైన పదార్థమంటూ ఈ పుకారు పుట్టి, పాత మిషన్లకు లక్షల్లో ధర పలికింది. మిషన్‌లో అలాంటిదేదీ లేదు. సింగర్లు కోట్లలో తయారయ్యాయి, పాతదైనంత మాత్రాన అరుదైనది కాదు.

"విరిగేదాకా సూది మార్చక్కర్లేదు"

ఎనిమిది పది గంటలు కుట్టేసరికి మొన అరిగిపోతుంది. గొల్లభామ చీరకు ఫాల్ వేస్తున్నప్పుడు టక్ టక్‌మని చప్పుడొచ్చి అంచు పోగు లాగిందంటే వెంటనే ఆపేసి సూది మార్చండి. కొత్త సూదిని వేళ్ల మధ్య తిప్పి చూస్తే ఒక పక్క పొడవాటి గాడి తగులుతుంది. దారం ఏ వైపు నుంచి కంట్లోకి వెళ్తుందో గాడి ఆ వైపే ఉండాలి.