పాత గ్యాస్ పొయ్యికి పునరుజ్జీవం

కర్మాగారంలో ఒక పంపు గాని, వాల్వు గాని మొరాయించినప్పుడు మనం దానిని పారవేయము. విప్పి, శుభ్రపరచి, అరిగిన భాగాలను మార్చి, పరీక్షించిన పిదపనే తిరిగి వినియోగంలోకి తెస్తాము. ఇంటికి వచ్చేసరికి మాత్రం ఈ క్రమశిక్షణను గేటు వద్దనే విడిచిపెడతాము. వంటింటి గ్యాస్ పొయ్యి విషయంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. మంట పచ్చబడినా, గిన్నె అడుగులు మసిబారినా, నాబ్ బిగుసుకుపోయినా ఏళ్ళ తరబడి సర్దుకుపోతాము. చివరకు విసుగు చెంది పాత సామానుల వ్యాపారికి తూకానికి అమ్మివేస్తాము.

పదవీ విరమణ చేసిన వారు క్వార్టర్లు ఖాళీ చేసేటప్పుడు ఇటువంటి పొయ్యిలు చేతులు మారడం మన టౌన్‌షిప్‌లలో సర్వసాధారణం. పనిమనిషికో, కొత్తగా కాపురం పెట్టిన కాంట్రాక్టు కార్మికునికో ఉదారంగా ఇచ్చివేస్తాము. అయితే మన ఔదార్యం వారి ఇంటికి ప్రమాదాన్ని మోసుకొని వెళ్ళరాదు కదా! అందువలన పాత పొయ్యిని బాగుచేసే పద్ధతిని, ఎక్కడ ఆగిపోవాలో ఆ హద్దును కూడా పాఠకులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

మొదట ఇంధనం స్వభావం

వంట గ్యాస్ ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. గాలికంటే ఇది సుమారు ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువైనది. లీకైన గ్యాస్ నేలను అంటిపెట్టుకొని వ్యాపిస్తుంది. సహజంగా వాసన లేని ఈ గ్యాస్‌కు, మనలను హెచ్చరించేందుకై ఇథైల్ మెర్‌కాప్టాన్‌ను కలుపుతారు. గాలిలో సుమారు 2 శాతం కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకొనగలదు. మూడు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల వంటగదిని తీసుకొని లెక్క కట్టండి. గది అంతటా సమంగా పరచుకున్నా దాదాపు ఒక కిలో గ్యాస్ సరిపోతుంది. నేలవద్దనే పేరుకుంటుంది గనుక వాస్తవంలో అంతకంటే చాలా తక్కువ చాలు. సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు!

బాగుచేయదగినదా, కాదా?

పొయ్యిపై ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదా, లోపలి గ్యాస్ పైపు తుప్పు పట్టలేదు కదా, బర్నర్ పగలలేదు కదా అన్న మూడు విషయాలను ముందుగా పరిశీలించాలి. పైపు తుప్పు తిన్నా, దానికి ఎవరైనా అతుకులు వేసి ఉన్నా ఆ పొయ్యిని నిస్సంకోచంగా త్యజించవలసినదే. పైప్‌లైన్ ద్వారా వచ్చే సహజవాయువు కొరకు తయారైన పొయ్యిని సిలిండర్‌కు తగిలించరాదు. దాని జెట్ రంధ్రం పెద్దది కావడమే ఇందుకు కారణం.

శుభ్రపరచు విధానం

రెగ్యులేటర్‌ను మూసి, సిలిండర్ నుండి విడదీసిన తరువాతనే పని ప్రారంభించాలి. ఇత్తడి బర్నర్లను చింతపండు నానబెట్టిన వేడినీటిలో ఉంచి, మెత్తని బ్రష్షుతో రుద్దితే మసి, చిలుము వదులుతాయి. మంట వెలువడే రంధ్రాలను సన్నని పుల్లతో ఒక్కొక్కటిగా శుభ్రపరచి, పూర్తిగా ఆరబెట్టాలి. బర్నర్‌కు, జెట్‌కు మధ్యనున్న గొట్టంలోకి తప్పక తొంగి చూడండి. సాలెగూళ్ళు, పొంగిపోయిన పాలు, చనిపోయిన బొద్దింకలు అక్కడనే చేరి గాలి మార్గాన్ని మూసివేస్తాయి.

ఇక జెట్ విషయం. సూదితో పొడవడం మన ఇళ్ళలో అలవాటు. జెట్ మెత్తని ఇత్తడి, సూది ఉక్కు. రంధ్రం వ్యాసం 10 శాతం పెరిగితే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. ఆ మేరకు గ్యాస్ అధికంగా వెలువడుతుంది, గాలి మాత్రం చాలదు. కనుక జెట్‌ను గాలి ఊది శుభ్రపరచాలి. అప్పటికీ వదలకపోతే అదే కొలత గల కొత్త జెట్‌ను బిగించాలి.

నాబ్ క్రింది వాల్వులో కోను ఆకారపు ముక్క, దాని గూడు ఒకదానికొకటి సరిపోయేలా నూరబడి ఉంటాయి. ఎడమ బర్నర్ ముక్కను కుడి దానిలో అమర్చితే లీకేజీ తప్పదు. ఈ పనిని పంపిణీదారుని మెకానిక్‌కు అప్పగించడమే ఉత్తమం.

మంట చెప్పే భాష

ఒక పాలు గ్యాస్ పూర్తిగా మండడానికి సుమారు 24 నుండి 31 పాళ్ళ గాలి కావాలి. నిలకడగా ఉన్న నీలిమంట సరియైన దహనానికి గుర్తు. పసుపుపచ్చని మంట గాలి చాలలేదని, చప్పుడు చేస్తూ బర్నర్‌ను విడిచి పైకి లేచే మంట గాలి ఎక్కువైనదని తెలుపుతాయి. పచ్చమంటతో మసి మాత్రమే కాదు, విషతుల్యమైన కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది.

తుది పరీక్ష

పాత రబ్బరు గొట్టాన్ని మళ్ళీ వాడనే వాడరాదు. లోపల తీగ అల్లిక గల సురక్షా గొట్టాన్ని, గరిష్ఠంగా ఒకటిన్నర మీటరు పొడవున అమర్చి, ఐదేళ్ళకొకసారి మార్చాలి. పొయ్యి సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలి. తరువాత కిటికీలు తెరచి, ఎక్కడా నిప్పు లేకుండా చూసి, నాబ్‌లు మూసి ఉంచి రెగ్యులేటర్‌ను తెరవండి. ప్రతి అతుకుపైన, జెట్ రంధ్రంపైన సబ్బు నీటిని పూయండి. జెట్ వద్ద బుడగ లేచినచో వాల్వు లీకవుతున్నదని అర్థం. ఆ పొయ్యిని వెలిగించరాదు. అగ్గిపుల్లతో లీకేజీ వెదకడం సాహసం కాదు, అవివేకం. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు తాకకుండా రెగ్యులేటర్ మూసి, తలుపులు తెరచి, బయటకు వచ్చి 1906కు ఫోను చేయాలి.

ఈ పరీక్షలన్నిటిలో నెగ్గిన పొయ్యి మరికొన్ని సంవత్సరాలు నిశ్చింతగా సేవ చేస్తుంది. ఏ ఒక్కదానిలో విఫలమైనా దానిని ఎవరికీ దానం చేయవద్దు; పైపును నొక్కి పనికిరాకుండా చేసి తూకానికి వేయండి. మన ఇంట వాడడానికి జంకే వస్తువు మరొకరి ఇంట వెలగడానికి తగినది కాదు.