క్లబ్బులో చేరుతున్నారా? పేరెవరిదో అడగండి!

ఎగ్జిబిషన్‌లోనో, పెట్రోలు బంకు దగ్గరో ఓ చీటీ నింపి డబ్బాలో వేస్తాం. వారం తిరక్కుండా ఫోను వస్తుంది. “మీకు బహుమతి వచ్చింది మేడమ్! ఆదివారం మీవారితో కలిసి ఫలానా హోటల్‌కి రండి” అని. తీరా వెళితే చేతికి కాఫీ ఇచ్చి రంగురంగుల బొమ్మలు చూపిస్తారు. పచ్చటి గోల్ఫ్ మైదానం, ఈతకొలను, పిల్లలకి ఆటస్థలం... “ఈ రోజే చేరితే సగం ధర” అంటారు. పిల్లలు గారాలు పోతారు, శ్రీవారు మొహమాటపడతారు. సంతకం పడిపోతుంది!

క్లబ్బంటే చెడ్డదని కాదు సుమా. ఇంటిల్లిపాదీ కలిసి కాస్త గాలి పీల్చుకునే చోటు ఎవరికి చేదు? కానీ లక్షలు పోసి చేరేటప్పుడు చీర కొన్నప్పుడు చూసినంత శ్రద్ధగానైనా చూడాలి కదూ!

దూరం లెక్క చూడండి

గోల్ఫ్ క్లబ్బంటే మన చిత్తూరు, తిరుపతి వాళ్ళు ఎక్కువగా చూసేది బెంగుళూరు వైపో, చెన్నై వైపో. బెంగుళూరు గోల్ఫ్ క్లబ్బు 1876 నాటిది. ఇలాంటి పాత క్లబ్బుల్లో చోటు దొరకాలంటే ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. ఇళ్ళ స్థలాలతో కలిపి అమ్మే కొత్త క్లబ్బుల్లో చోటు సులువే, ధరే బరువు.

చిత్తూరు నుంచి బెంగుళూరు సుమారు 180 కిలోమీటర్లు. రానూపోనూ 360. నిజంగా ఏడాదికి ఎన్నిసార్లు వెళ్ళగలరు? ఉదాహరణకి ఏడాది చందా 24 వేలు అనుకుందాం. ఎనిమిదిసార్లు వెళితే ఒక్కోసారికి 3 వేలు పడ్డట్టు. మూడుసార్లే వెళితే 8 వేలు! ప్రవేశ రుసుము, పెట్రోలు, భోజనం ఇందులో కలపలేదు. ఈ లెక్క వేశాక, ఊళ్ళోనే ఉన్న చిన్న క్లబ్బో, ఏడాదికోసారి హార్సిలీహిల్స్ ప్రయాణమో మేలనిపిస్తే సిగ్గుపడక్కర్లేదు.

ఆయన ఆడుతుంటే మీరేం చేస్తారు?

18 గుంటల ఆట పూర్తి కావడానికి నాలుగు గంటలకు పైనే పడుతుంది. అంతసేపూ మీరూ పిల్లలూ ఏం చేస్తారు? గోల్ఫ్ బంతి చిన్నదే గాని రాయిలా గట్టిది. అందుకే చిన్నపిల్లల్ని మైదానంలోకి రానివ్వరు. ఈతకొలను దగ్గర కాపలా మనిషి ఎప్పుడూ ఉంటాడా? ఆడవాళ్ళకి వేరే వేళలున్నాయా? శాకాహారం వేరే పొయ్యి మీద చేస్తారా? ఇవన్నీ అడగండి.

పంచె కట్టుకున్న మామగారిని భోజనాల గదిలోకి రానిస్తారో లేదో కూడా అడగాలి. 2014లో చెన్నైలో ఒక క్లబ్బు పంచె కట్టుకొచ్చిన హైకోర్టు జడ్జీగారినే లోపలికి రానివ్వలేదు. ఆ గొడవతో తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది అలా అడ్డుకోకూడదంటూ చట్టం చేసింది.

అన్నిటికన్నా, మీరూ పిల్లలూ ఆట నేర్చుకునే వీలుందా? బెంగుళూరు అమ్మాయి అదితీ అశోక్ ఐదేళ్ళ వయసులో అమ్మానాన్నలతో టిఫిన్‌కి వెళ్ళినప్పుడు, దగ్గర్లోని కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానంలో ఆట చూసి ముచ్చటపడింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఒక్క దెబ్బ తేడాతో పతకం తప్పింది. ఆ పోటీల్లో ఆమె బ్యాగు మోసింది ఎవరో కాదు, వాళ్ళమ్మే! అలాంటి తలుపు తెరిచి ఉంచేదే కుటుంబ క్లబ్బు.

అసలు ప్రశ్న ఇదీ

గోల్ఫ్‌కి పుట్టినిల్లులాంటి సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు 1754లో మొదలైంది. ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకోవడానికి ఆ క్లబ్బు ఒప్పుకున్నది ఎప్పుడో తెలుసా? 2014లో! అంటే 260 ఏళ్ళకి.

మన దగ్గర అలాంటి అడ్డు లేదు గాని, చాలా క్లబ్బుల్లో సభ్యత్వం ఒక్కరి పేరునే ఉంటుంది. సాధారణంగా అది ఇంటాయన పేరు. మీరు ఆయన మీద ‘ఆధారపడినవారు’ మాత్రమే. చందా మీ జీతంలోంచే కట్టినా, ఓటు ఉండదు. ఆయన ఊళ్ళో లేనప్పుడు అతిథిని తీసుకెళ్ళే హక్కు ఉంటుందో ఉండదో! అందుకే సంతకానికి ముందే ఈ సంగతులు రాతపూర్వకంగా తెలుసుకోండి:

* సభ్యత్వం ఇద్దరి పేర్లా ఇస్తారా? లేకపోతే మీ పేరునే తీసుకోవచ్చా?
* జరగరానిది జరిగి భర్త పోతే సభ్యత్వం భార్యకి దానంతటదే వస్తుందా, మళ్ళీ రుసుము కట్టాలా? ఎన్నాళ్ళలోపు దరఖాస్తు పెట్టాలి?
* పిల్లలకి ఏ వయసు దాకా చెల్లుతుంది? 21 ఏళ్ళా, 25 ఏళ్ళా? అమ్మాయికి పెళ్ళయితే ఆగిపోతుందా?
* అత్తమామలూ, అమ్మానాన్నలూ కుటుంబం కిందకే వస్తారా, అతిథులా?
* ఏటేటా చందా ఎంత పెరగవచ్చు? మానుకుంటే తిరిగి వచ్చేదెంత? ఎన్ని రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు?

నోటిమాటగా “అన్నీ ఉన్నాయండీ” అంటే చాలదు. కాగితం ఇంటికి తెచ్చుకుని, రెండు రోజులు తీరిగ్గా చదవండి. ఇంటికి ఇవ్వమంటే, అదొక్కటే చాలు, లేచి వచ్చెయ్యండి.

ఒకవేళ మోసపోతే

ఇప్పటికే డబ్బు కట్టి, చెప్పిన సౌకర్యాలు దొరక్క బాధపడుతున్నారా? ముందు రసీదులు, ఒప్పందం, చీటీలు, మెసేజ్‌లు అన్నీ ఒక కవర్లో పెట్టండి. 1915 నంబరుకి ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం దారి చెబుతుంది. 2019 చట్టం ప్రకారం, కంపెనీ ఏ ఊళ్ళో ఉన్నా, మీరు కాపురముంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫిర్యాదుకి రుసుము లేదు. సమస్య మొదలైన రెండేళ్ళలోపే చేయాలన్నది మాత్రం మరువకండి.

ఇల్లు కొన్నా, నగ కొన్నా కాగితం ఎవరి పేరున ఉందో చూసుకోవడం మనకి అలవాటే. క్లబ్బు కార్డుకీ ఆ అలవాటే మంచిది. ఈ వారం బీరువాలోని పాత సభ్యత్వ కాగితాలు ఓసారి తీసి చూడండి. అందులో మీ పేరు ఎక్కడుందో వెతకండి!