తెలుపు కోసం ఒళ్లు తనఖా పెట్టొద్దు!

మింగళాడోన్ (యాంగోన్): తనఖా అంటే మనకు అప్పే గుర్తొస్తుంది. మయన్మార్‌లో మాత్రం అది అందం! యాంగోన్ విమానాశ్రయం ఉన్న మింగళాడోన్‌లో పారిశ్రామికవాడ కూడా ఉంది. పనికెళ్లే అమ్మాయిల బుగ్గల మీద లేత పసుపు పూత కనిపిస్తుంది. అదే 'తనఖా'.

ఇదేం వింత వస్తువు కాదు. మన వెలగ, మారేడు, నిమ్మ కుటుంబానికి చెందిన చెట్టు బెరడే. మనం సాన మీద గంధం తీసినట్టే, గుండ్రటి రాతిపలకపై నీళ్లు చల్లి అరగదీస్తారు. చల్లగా ఉంటుందని, ఎండ నుంచి కాపాడుతుందని వాళ్ల నమ్మకం. ఒకప్పుడు కోరంగి, విశాఖ రేవుల్లో ఓడలెక్కి రంగూన్‌లో మూటలు మోసిన మన వాళ్లకూ ఇది తెలిసిన పూతే.

ఇప్పుడు ఆ బుగ్గల పక్కనే కొరియా సీసాలూ చేరాయి. కొరియా సీరియళ్లు అక్కడ 2000 తర్వాత ఇంటింటా ఆడాయి. వాటి వెంటే గాజులా మెరిసే చర్మం మోజు వచ్చింది. నూనెతో ఒకసారి, నురగతో ఒకసారి కడగడం, టోనర్, ఎసెన్స్, సీరమ్, క్రీమ్... మొత్తం పది మెట్లు! పన్నెండు గంటల డ్యూటీ చేసేవాళ్లకు అంత తీరికా, డబ్బూ ఎక్కడివి?

నిజానికి అందులో ముఖ్యమైనవి మూడే. ఒకటి, రాత్రి పడుకునే ముందు ఘాటులేని సబ్బుతోనో ఫేస్‌వాష్‌తోనో చెమట, దుమ్ము కడుక్కోవడం. రెండు, ముఖం తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయడం. మూడు, ఎండలోకి వెళ్లే పావుగంట ముందు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండినంత ముఖానికీ మెడకూ కావాలి. చెమట పడితే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. టోపీ, తలగుడ్డ సరేసరి. ఇంట్లో తీసిన తనఖాకు ఎస్‌పీఎఫ్ లెక్క ఉండదు. చల్లదనానికి రాసుకోండి, సన్‌స్క్రీన్‌కు బదులుగా కాదు.

అసలు ప్రమాదం వేరే ఉంది. 'వారంలో తెలుపు' అంటూ సంతల్లో, చిన్న కొట్లలో అమ్మే చవక క్రీములు! కొన్నిట్లో పాదరసం ఉంటుంది. అది చర్మంలోంచి ఒంట్లోకి దిగి మూత్రపిండాలను, నరాలను దెబ్బతీస్తుంది. తువ్వాళ్ల ద్వారా గదిలో ఉన్నవాళ్లకూ సోకుతుంది. మినమాటా ఒప్పందం ప్రకారం 2025 తర్వాత పాదరసం కలిపిన సౌందర్య సాధనాల తయారీ, ఎగుమతి, దిగుమతులు కుదరవు. అయినా దొంగచాటుగా వస్తూనే ఉన్నాయి. పెట్టెపై తయారీదారు పేరు, కలిపిన సరుకుల వివరం లేకపోయినా, 'బంగారం, వెండి తగలనివ్వొద్దు' అని రాసి ఉన్నా కొనకండి.

మరికొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట నిగనిగలాడిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేస్తాయి. మానేస్తే మంట మరీ ఎక్కువవుతుంది. అందుకే మళ్లీ అదే రాస్తుంటారు.

ఇలాంటివి వాడుతున్నారా? కాళ్లవాపు, మూత్రంలో నురగ, చేతుల వణుకు ఉంటే ఆలస్యం చేయకండి. ఆ క్రీమ్ డబ్బా పట్టుకునే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఊళ్లో పొలమో, పుస్తెలో తనఖా పెట్టి విమానమెక్కిన వాళ్లం. వాటిని ఎలాగోలా విడిపించుకోవచ్చు. చెడిన మూత్రపిండాలను ఏ వడ్డీ కట్టి విడిపించుకుంటాం?