ఒక్క రబ్బరు రింగు... ఎంత పని చేసింది!

మా కారు 1997 నాటి మారుతీ 800. ఆ మోడల్ తయారీ 2014లోనే ఆపేశారు. ‘ఇంకా ఆ డబ్బాని పట్టుకుని ఎందుకే వేలాడతావ్?’ అంటుంది మా అక్క. ఎందుకంటే, వారానికి రెండుసార్లు మా అత్తయ్యని డయాలిసిస్‌కి తీసుకెళ్లేది ఆ డబ్బానే. మావారిది వేరే ఊళ్లో ఉద్యోగం కాబట్టి స్టీరింగ్ నాదే.

ఆమధ్య ఇంజన్ ఆయిల్ మార్చాల్సొచ్చింది. పెళ్లికి ముందు నాన్న స్కూటర్ విప్పుతుంటే పక్కన కూర్చుని స్పానర్లు అందించినదాన్ని, ఆ మాత్రం చేసుకోలేనా అనుకున్నా. ఆదివారం పొద్దున్నే జాకీతో ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, పాత ఆయిల్ బేసిన్‌లోకి వదిలేశా. ఫిల్టర్ తిప్పి తీసేశా. కొత్త ఫిల్టర్ రబ్బరు రింగుకి కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించా. సుమారు మూడు లీటర్లు పోసి, డిప్‌స్టిక్ చూస్తే లెవెల్ సరిగ్గా ఉంది. స్టార్ట్ చేయగానే రెండు సెకన్లు టకటకమంది. ఖాళీ ఫిల్టర్ నిండేదాకా అది మామూలేనట. ఎర్రదీపం ఆరిపోయింది. నా సంబరం ఇంతా అంతా కాదు!

మంగళవారం అత్తయ్యతో బయల్దేరా. సగం దారిలో ‘టక్... టక్... టక్’. యాక్సిలరేటర్ నొక్కితే ఇంకా ఎక్కువ! పాత కార్లు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మరమరాలు వేగినట్టు చిటచిటమనడం నాకు తెలుసు. అది ఇగ్నిషన్ టైమింగ్ తేడా. ఇది అలా లేదు. లోపల ఎవరో రోకలితో దంచుతున్నట్టుంది. మలుపులో ఎర్రదీపం మినుకుమంది. ఇక ఒక్క అడుగు కూడా పోనివ్వకుండా పక్కకి తీసి ఆపేశా.

‘ఏమైందమ్మా?’ అన్నారు అత్తయ్య. ‘ఏం లేదు, వేడెక్కింది’ అని అబద్ధమాడి, ఆవిడని ఆటో ఎక్కించి, హాస్పిటల్‌కి ఫోన్ చేసి చెప్పా. వెనక్కొచ్చి డిప్‌స్టిక్ తీస్తే, చివర తడి కూడా లేదు! రోడ్డు మీద మేం వచ్చిన దారంతా నల్లటి గీత. కాళ్లలో వణుకు పుట్టింది. ఇంజన్ పోతే దానికి పెట్టే డబ్బుల్లేవు మా దగ్గర.

మా వీధి చివర షెడ్డు బాబాయి స్కూటర్ మీద వచ్చాడు. ‘ఫిల్టర్ ఎవరు మార్చారమ్మా?’ అన్నాడు. ‘నేనే బాబాయ్’ అన్నా, తలొంచుకుని. ఫిల్టర్ విప్పి చూపించాడు. ఒకటి కాదు, రెండు రబ్బరు రింగులు! పాత ఫిల్టర్ రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయింది. దాని మీదే నేను కొత్తది బిగించా. రెండ్రోజులు ఎలాగో ఆగి, ప్రెజర్‌కి జారి ఆయిలంతా కక్కేసింది. చేతిలో ఉన్న కొత్త ఫిల్టర్‌ని అటూ ఇటూ తిప్పి చూశానేగానీ, అది కూర్చునే చోటు తుడిచి చూడాలని తట్టలేదు నాకు.

‘బేరింగులు పోయాయా బాబాయ్?’ అనడిగా. ‘విందాం ఉండు’ అన్నాడు. ఇంకో ఫిల్టర్ బిగించి, ఆయిల్ పోశాడు. కాయిల్ వైరు పీకేసి ఎర్రదీపం ఆరేదాకా ఉత్తి సెల్ఫ్ కొట్టాడు. ఆయిల్ పైకి చేరాకే స్టార్ట్ చేయాలట. చేస్తే రోకలి చప్పుడు లేదు, కానీ సన్నగా టిక్ టిక్ మిగిలింది. పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని, మొన ఇంజన్‌కి పెట్టి విన్నాడు. నాచేతా వినిపించాడు. కింద సంపు దగ్గర ఏమీ లేదు. పైన వాల్వు మూత మీదే టిక్ టిక్. తర్వాత ఇన్సులేషన్ ఉన్న కటింగ్ ప్లేయర్‌తో ప్లగ్గు క్యాపులు ఒక్కొక్కటే పీకి చూశాడు (షాక్ కొడుతుంది, మనం చేయకూడదు). బేరింగ్ పోయి ఉంటే ఆ సిలిండర్ ఆగినప్పుడు చప్పుడు తగ్గాలి. మూడింట్లో దేనికీ మార్పు లేదు.

‘టాపెట్లేనమ్మా, బతికావ్. అక్కడే ఆపావు కాబట్టి సరిపోయింది’ అన్నాడు. మర్నాడు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజ్ పెట్టి సరిచేశాడు. అయిదొందల కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ దించి, తెల్లబట్ట మీద పోసి ఎండలో చూడమన్నాడు. చూశా. లోహపు మెరుపు ఒక్కటీ లేదు. ఈసారి ఫిల్టర్ తీయగానే రింగు వచ్చిందో లేదో ముందు వేలితో తడిమా.

అత్తయ్యకి అసలు సంగతి ఎవరు చెప్పారోగానీ, కారెక్కగానే ఇప్పటికీ ముందుకి వంగి అడుగుతారు: ‘ఎర్రదీపం ఆరిందా అమ్మా?’