ఇంగ్లాండ్‌లో ఇల్లు ఖాళీ చేయమన్నారా? కౌన్సిల్ ఎవరికి సాయం చేస్తుంది.. వీసాపై ఉన్నవాళ్ల సంగతేంటి?

మన దగ్గర ఓనర్ ఇల్లు ఖాళీ చేయమంటే టులెట్ బోర్డుల కోసం వీధులన్నీ తిరుగుతాం. మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి ‘ఉండటానికి చోటు లేదు, ఏదైనా చేయండి’ అని అడగాలన్న ఆలోచనే రాదు. ఇంగ్లాండ్‌లో లెక్క వేరు. అక్కడ ఇల్లు పోయే పరిస్థితిలో ఉన్నవారికి సాయం చేయడం లోకల్ కౌన్సిల్‌కు చట్టం అప్పగించిన బాధ్యత. కౌన్సిల్ అంటే మన మున్సిపాలిటీ, కార్పొరేషన్ లాంటిదే. అయితే ఈ సాయం అందరికీ ఒకేలా అందదు. ముఖ్యంగా స్టూడెంట్, వర్క్ వీసాలపై వెళ్లిన మనవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి.

56 రోజుల ముందే వెళ్లొచ్చు

ఇల్లు లేనివారి బాధ్యతను కౌన్సిళ్లకు అప్పగిస్తూ బ్రిటన్‌లో చట్టం వచ్చింది 1977లో. దాన్ని గట్టిపరిచింది 2018 ఏప్రిల్ 3 నుంచి ఇంగ్లాండ్‌లో అమల్లోకి వచ్చిన హోమ్‌లెస్‌నెస్ రిడక్షన్ చట్టం. దీని ప్రకారం రోడ్డు మీద పడేదాకా ఆగాల్సిన పని లేదు. 56 రోజుల్లోపు ఇల్లు పోయే అవకాశం ఉంటే చాలు, కౌన్సిల్ హౌసింగ్ ఆఫీసుకు వెళ్లొచ్చు. అర్హత ఉన్నవారైతే అధికారులు పరిస్థితి అంతా అడిగి తెలుసుకుని, ఎవరేం చేయాలో రాసి ఒక ప్లాన్ చేతికివ్వాలి.

ఓనర్‌తో మాట్లాడటం, అద్దె బకాయికి దారి చూపడం, కొత్త ఇంటి డిపాజిట్‌కు సాయం చేయడం.. ఇలాంటివి ఆ ప్లాన్‌లో ఉండొచ్చు. అంతేగానీ కౌన్సిల్ అంటే వెళ్లగానే తాళంచెవులు చేతిలో పెట్టే ఆఫీసు కాదు.

అప్పటికే ఇల్లు పోయి ఉంటే, చోటు దొరకడానికి కౌన్సిల్ మరో 56 రోజులు సాయం చేయాలి. ఆ రాత్రికే తాత్కాలికంగా గది ఇచ్చేది మాత్రం కొందరికే. పిల్లలున్న కుటుంబాలు, గర్భిణులు, గృహహింస వల్ల ఇల్లు వదిలినవారు, వయసు వల్లో జబ్బు వల్లో తమను తాము చూసుకోలేనివారు, అగ్నిప్రమాదం, వరదల్లాంటి వాటిలో ఇల్లు కోల్పోయినవారు ఆ జాబితాలో ఉంటారు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడు ఒంటరిగా వెళితే సాధారణంగా దక్కేది ప్లాన్, సలహాలే. గది దొరికిన కుటుంబాలకూ సుఖం లేదు. పిల్లలున్నవారిని బీ అండ్ బీ గదుల్లో 6 వారాలకు మించి ఉంచకూడదని రూల్ ఉన్నా, ఇళ్ల కొరత వల్ల అది తప్పుతున్న సందర్భాలు ఉన్నాయి. 2025 నాటికి ఇంగ్లాండ్‌లో 1.3 లక్షలకు పైగా కుటుంబాలు తాత్కాలిక వసతుల్లోనే గడుపుతున్నాయి.

తొందరపడి వెళ్లిపోతే?

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఓనర్ నోటీసు ఇచ్చాడు కదా అని సామాన్లు సర్దుకుని ఫ్రెండ్ రూమ్‌కు వెళ్లిపోతారు. తర్వాత కౌన్సిల్‌కు వెళితే ‘ఉండే వీలున్నా మీరే వదిలేశారు’ అనే మాట వినాల్సి రావొచ్చు. కావాలని ఇల్లు పోగొట్టుకున్నారని తేల్చితే పెద్ద సాయానికి తలుపు మూసుకుపోతుంది. నిజానికి సొంత అగ్రిమెంట్‌తో ఉంటున్న అద్దెదారుకు నోటీసు ఆఖరి మాట కాదు. కోర్టు ఆర్డర్ లేకుండా ఖాళీ చేయించడం కుదరదు. పైగా 2025 అక్టోబర్‌లో ఆమోదం పొందిన రెంటర్స్ రైట్స్ చట్టం ప్రకారం, కారణం చెప్పకుండా రెండు నెలల నోటీసుతో పంపించే ‘సెక్షన్ 21’ పద్ధతి ప్రైవేటు అద్దె ఇళ్లకు 2026 మే 1 నుంచి రద్దు. ఇల్లు అమ్ముకోవాలన్నా నాలుగు నెలల నోటీసు ఇవ్వాల్సిందే.

వీసాలో ఆ ఒక్క లైన్

స్టూడెంట్, స్కిల్డ్ వర్కర్ వీసాలపై ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ అనే షరతు ఉంటుంది. ప్రభుత్వ నిధుల నుంచి ఇచ్చే సాయం తీసుకోకూడదని దాని అర్థం. కౌన్సిల్ ఇచ్చే ఇల్లు, తాత్కాలిక వసతి, హౌసింగ్ బెనిఫిట్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. షరతు దాటి తీసుకుంటే వీసాకే ఎసరు. పర్మినెంట్ రెసిడెన్సీ, బ్రిటిష్ పౌరసత్వం ఉన్నవారికి సాధారణంగా ఈ అడ్డు ఉండదు.

అలాగని ఆ లైన్ ఉన్నవాళ్లు కౌన్సిల్ గడప తొక్కకూడదని కాదు. ఇల్లు పోకుండా ఏం చేయాలి, హక్కులేంటి అన్న సలహా ఆ ప్రాంతంలో ఉండేవారందరికీ ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. సలహా అడగడం పబ్లిక్ ఫండ్స్ కిందకు రాదు. ఒక్క జాగ్రత్త. దరఖాస్తు పెడితే వీసా వివరాలను హోమ్ ఆఫీస్‌తో సరిచూస్తారు. వీసా గడువు దాటినవారు, ఏ వీసా షరతు వర్తిస్తుందో తెలియనివారు ముందుగా సిటిజన్స్ అడ్వైస్‌నో, షెల్టర్ సంస్థనో, గుర్తింపు ఉన్న ఇమిగ్రేషన్ అడ్వైజర్‌నో కలవడం మంచిది.

ఓనర్ తాళాలు మార్చేసి సామాన్లు బయట పడేస్తే? అది 1977 నాటి మరో చట్టం కింద నేరం. వీసాతో సంబంధం లేదు. ఓనర్‌పై కేసు పెట్టే అధికారం కౌన్సిల్‌కు ఉంది. పోలీసులకూ ఫోన్ చేయొచ్చు.

కాకపోతే మన స్టూడెంట్లకు ఇక్కడో చిక్కు. ఇల్లు అద్దెకు తీసుకున్న వ్యక్తి అదే ఇంట్లో ఉంటూ ఒక గదిని మరొకరికి ఇస్తే, కిచెన్, బాత్‌రూమ్ కలిసి వాడుకుంటే, ఆ రెండో వ్యక్తికి రక్షణ చాలా తక్కువ. కోర్టు ఆర్డర్ అక్కర్లేదు. నెలకోసారి అద్దె కడుతుంటే సాధారణంగా నెల నోటీసు, వారానికోసారి కడుతుంటే వారం.. అంతే! వాట్సాప్ గ్రూపుల్లో ‘రూమ్ అవైలబుల్’ చూసి, అగ్రిమెంట్ లేకుండా క్యాష్ చేతికిచ్చి చేరితే, అక్కడ ఉన్నట్టు చూపించడమే కష్టం. కనీసం అద్దె బ్యాంకు ద్వారా పంపాలి, మెసేజ్‌లు డిలీట్ చేయకూడదు. డబ్బు కటకట ఉంటే యూనివర్సిటీ హార్డ్‌షిప్ ఫండ్‌ను అడగొచ్చు. అది పబ్లిక్ ఫండ్స్ కిందకు రాదు.

భర్త వీసాపై డిపెండెంట్‌గా వెళ్లి హింస భరిస్తున్న భార్యలకు మరో దారి ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి స్టూడెంట్, వర్కర్ల భాగస్వాములు కూడా హోమ్ ఆఫీస్‌కు దరఖాస్తు చేసుకుంటే, ప్రభుత్వ సాయం తీసుకునే వీలుతో మూడు నెలల అనుమతి ఇస్తారు. కానీ దాంతో పాత వీసా పోతుంది. అందుకే అడ్వైజర్‌ను అడగకుండా ఆ ఫారం నింపొద్దు. పిల్లలతో నిలువ నీడ లేని స్థితిలో ఉంటే 1989 చిల్డ్రన్ యాక్ట్ కింద కౌన్సిల్ సోషల్ సర్వీసెస్ విభాగం ఆదుకోవచ్చు. ఇదీ పబ్లిక్ ఫండ్స్‌లోకి రాదు.

కౌన్సిల్ ‘కుదరదు’ అంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమని కోరడానికి 21 రోజుల గడువు ఉంటుంది.